వికలాంగుల లెక్కలు: నూటయాభై ఏళ్ళుగా అడగని ప్రశ్న

1981లో మన దేశంలో వికలాంగులు ఎంతమంది ఉండేవారు? ఈ ప్రశ్నకు ప్రభుత్వ పత్రాలలోనే రెండు సమాధానాలు దొరుకుతాయి. జనగణన శాఖ చెప్పిన సంఖ్య సుమారు 11 లక్షల 19 వేలు. అదే సంవత్సరం జరిగిన జాతీయ నమూనా సర్వే 36వ విడతలో తేలిన అంచనా దాదాపు 1 కోటి 20 లక్షలు. దేశం ఒకటే, సంవత్సరం ఒకటే, లెక్కించినదీ ఒకే ప్రభుత్వం. తేడా మాత్రం పది రెట్లకు పైన.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నలే వేరు. జనగణన సిబ్బంది ఇళ్ళ జాబితా రాసుకునేటప్పుడు, ఆ ఇంట్లో పూర్తిగా చూపులేనివారు, పూర్తిగా అవిటివారు, పూర్తిగా మాటరానివారు ఎందరున్నారో మాత్రమే అడిగారు. ‘పూర్తిగా’ అన్న ఆ ఒక్క మాట కోటిమందికి పైగా మనుషులను లెక్కలోంచి తీసివేసింది. చేయిచాచిన దూరంలో వేళ్ళు మాత్రమే కనబడే ముసలాయన ఆ లెక్కలోకి రాడు. పోలియో సోకిన కాలి తొడపై చేయి ఆనించి అడుగు తీసి అడుగు వేసే పిల్లవాడూ రాడు. నమూనా సర్వేవారు చూడటంలో, వినడంలో, మాట్లాడటంలో, కదలడంలో ఇబ్బంది ఉన్నదా అని విచారించారు. అందువల్ల వీరిద్దరూ ఆ లెక్కలో కనబడ్డారు.

వికలాంగుల ఆరోగ్య అవసరాలను గురించి రాయబూనుకొని ఈ పాత లెక్కలతో ఎందుకు మొదలుపెట్టానని మీరు అడగవచ్చు. ఏ అవసరమైనా తీరాలంటే ముందది కాగితం మీదికి రావాలి. ఆసుపత్రికి మందులు, గ్రామానికి వైద్యుడు, జిల్లాకు నిధులు, అన్నీ ఎవరో వేసిన లెక్కను బట్టే వస్తాయి. మన దేశంలో వికలాంగులను లెక్కించడం మొదలై నూటయాభై ఏళ్ళయింది. ఆ లెక్కల్లో ‘ఎందరు?’ అన్న ప్రశ్న ఉన్నది, ‘వైకల్యం ఎందువల్ల వచ్చింది?’ అన్న ప్రశ్న ఉన్నది. ‘మీకు ఏ వైద్యం కావాలి? అది మీకు అందిందా?’ అన్న ప్రశ్న మాత్రం బహు అరుదు. ఈ చరిత్రను కొంచెం ఓపికగా చూద్దాం.

భారతదేశంలో మొదటి జనగణన 1872లో, దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి గణన 1881లో. అప్పటినుండి 1931 వరకు ప్రతి గణనలోనూ నాలుగు రకాల వైకల్యాలను నమోదు చేశారు: మతిస్థిమితం లేనివారు, చెవిటి-మూగవారు, అంధులు, కుష్ఠురోగులు. ఈ నాలుగే ఎందుకు? కాలు లేనివాడు, చేయి పడిపోయినవాడు ఎందుకు లేరు? పాలకుల దృష్టి ఎటున్నదో చూస్తే కొంత అర్థమవుతుంది. మతిస్థిమితం లేనివారికి పిచ్చాసుపత్రులు, వాటికొక చట్టం ఉన్నాయి. కుష్ఠురోగుల విషయమై 1890లో ఒక కమిషన్ దేశమంతా తిరిగింది. 1898లో వచ్చిన చట్టం, బిచ్చమెత్తుకునే కుష్ఠురోగులను పట్టి ఆశ్రమాలలో ఉంచే అధికారం ఇచ్చింది. లెక్కించినది చాలామేరకు అదుపు కోసమే తప్ప ఆదరణ కోసం కాదు. (ఆ 1898 చట్టం పూర్తిగా రద్దయినది 2016లో అంటే చాలామంది నమ్మరు.)

ఆ లెక్కలు ఎంత నమ్మదగినవో ఆనాటి జనగణన అధికారులకే తెలుసు. వారి నివేదికల్లో ఫిర్యాదులు కోకొల్లలు. బొల్లి మచ్చలున్నవారిని కుష్ఠురోగులుగా రాశారు. ఒంటికన్నువారిని అంధుల్లో కలిపారు. మాటలు రాని చిన్నపిల్లను చెవిటి-మూగ అని రాయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది, రేపో మాపో మాటలు రావచ్చునని ఆశ పడుతుంది గాని? ఇక పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో కుష్ఠు ఉన్నదని ఎవరు చెబుతారు? ఇంటి గుమ్మంలో నిలబడి, వైద్యం తెలియని ఒక గుమాస్తా అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు అంతకన్నా మెరుగ్గా ఉండదు. చివరకు 1941లో ఆ ప్రశ్ననే తీసివేశారు. 1951, 1961, 1971 గణనల్లోనూ అది తిరిగి రాలేదు. సరిగా అడగలేకపోతే మంచి ప్రశ్న వెతుక్కోవాలి. మనం అడగడమే మానుకున్నాం. స్వతంత్ర భారతం తొలి మూడు జనగణనల్లో వికలాంగుడు అనేవాడు లేడు.

ఆ నలభై ఏళ్ళలో వైకల్యం ఆగిపోయిందా అంటే, మన తెలుగు నేలనే చూడండి. 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలో ఒక వింత వ్యాధిని వర్ణించారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాల పల్లెల్లో మనుషుల వెన్నెముకలు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి, మెడ తిరగదు, నడుము వంగదు. పరిశీలించగా కారణం బావి నీటిలోని ఫ్లోరైడు అని తేలింది. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి వర్ణన అది. 1955లో నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుని వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అదే జిల్లాలో, ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగిలే వంకరను లాన్సెట్ పత్రికలో నివేదించారు. ఆ దశాబ్దంలోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక సంస్థ, పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది.

ఈ వరుసను గమనించండి. వ్యాధిని గుర్తించారు, కారణం కనిపెట్టారు, నివారణ రూపొందించారు. శాస్త్రం తన పని తాను చక్కగా చేసింది, అందులో నాకు సందేహం లేదు. మంచి నీరు చేరిన పల్లెలో పుట్టిన పిల్లవాడు నిటారుగా నిలబడతాడు. కాని అప్పటికే వంగిపోయిన వెన్ను మంచి నీటితో నిటారు కాదు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము మీద ఎముక నొక్కుకొని కాళ్ళు పడిపోతాయి, మూత్రం మీద అదుపు పోతుంది, రాత్రింబవళ్ళు నొప్పి ఉంటుంది. నొప్పికి మందు, నడకకు ఊతకర్ర, కొందరికి శస్త్రచికిత్స, మూత్రకోశానికి నిత్య సంరక్షణ, ఇవి ఆ మనిషి అవసరాలు. నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఊరూరా కొలిచాం. ఇవి ఎందరికి కావాలో, ఎందరికి అందాయో అంతే శ్రద్ధగా కొలవలేదు.

పోలియో కథ ఇంకా విచిత్రం. పోలియో చల్లని దేశాల జబ్బు, ఉష్ణదేశాలలో అంతగా లేదు అని 1970ల దాకా చాలామంది నిపుణులు నమ్మేవారు. ఆఫ్రికాలోని ఘనా దేశంలో కొందరు వైద్యులు ఒక సాదా పని చేశారు. బడులకు వెళ్ళి కుంటుతున్న పిల్లలను లెక్కపెట్టారు. 1977లో ప్రచురించిన ఆ ఫలితాలు పాత నమ్మకాన్ని పడగొట్టాయి. ఆ తరువాత అనేక దేశాలలో, 1980లలో మన దేశంలోనూ, ఇలాంటి ‘కుంటి లెక్క’ సర్వేలు జరిగాయి. పేద దేశాల పిల్లలకు పోలియో చుక్కలు అందడం వెనుక ఈ లెక్కల పాత్ర చిన్నది కాదు. 1995లో మొదలైన పల్స్ పోలియో మీకందరికీ గుర్తే. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో చివరి కేసు కనిపించింది. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది.

వైద్యుడిగా ఆ విజయాన్ని తలచుకుంటే నేటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయినా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ సర్వేలలో వరుసగా నిలబడి తమ కుంటి కాళ్ళను చూపించిన పిల్లలకు దక్కినదేమిటి? వారి లెక్క వారి తరువాత పుట్టబోయేవారిని కాపాడింది. వారికి కాలిపర్ కావలసి ఉన్నది, ముడుచుకుపోయిన కండరాన్ని సాగదీసే చిన్న శస్త్రచికిత్స కావలసి ఉన్నది. ఆ లెక్క వేసింది అందుకోసం కాదు. ఆ పిల్లలు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. పోలియో సోకిన ఎన్నో ఏళ్ళ తరువాత కండరాలు తిరిగి నీరసించి, అలసట, నొప్పులు మొదలయ్యే స్థితి ఒకటి ఉన్నది. దానిని పోలియో అనంతర లక్షణ సముదాయం అంటారు. ‘వయసు మీదపడింది, అంతే’ అన్న మాటతో వారు ఇంటికి తిరిగివెళుతుంటారు. దేశం పోలియో రహితమైంది కనుక పోలియో తెలిసిన వైద్యులూ తగ్గిపోతున్నారు.

అవసరాన్ని చూసి వైద్యం చేసినవారు మన దేశంలో లేకపోలేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వేళ్ళు వాటంతట అవి రాలిపోవనీ, స్పర్శ లేకపోవడం వల్ల కాలిన గాయాలు, రాపిడి పుండ్లు తెలియక పాడైపోతాయనీ గమనించి, ముడుచుకున్న చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనిలోకి తెచ్చారు. ఆయనతో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది భాగం చచ్చుబడిన మనిషి. చక్రాల కుర్చీలో కూర్చొనే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, తరువాత అక్కడి పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. రోగికి ఏమి కావాలో ఆమెకు ఎవరూ సర్వే చేసి చెప్పనక్కరలేకపోయింది.

జైపూర్ పాదం సంగతి మీరు వినే ఉంటారు. 1960లలో ఆసుపత్రులలో ఇచ్చే కృత్రిమ పాదాలు పాశ్చాత్య దేశాల నమూనావి. బూటు తొడిగి కుర్చీ మీద కూర్చునేవారికి అవి సరిపోతాయి. మన రైతు వట్టి కాళ్ళతో బురదలో నడుస్తాడు, నేలమీద బాసింపట్టు వేసి కూర్చుంటాడు, మరుగుదొడ్డికి గొంతుకూర్చోవాలి. ఈ పనులేవీ ఆ పాదంతో సాగవు గనుక తీసి అటక మీద పడేసేవారు. రిజిస్టరులో మాత్రం ‘కాలు ఇవ్వబడినది’ అని ఉంటుంది. రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి 1968 ప్రాంతంలో రబ్బరుతో తయారుచేసిన పాదం ఈ ఇబ్బందులను చూసి పుట్టింది. ‘ఇచ్చాం’ అన్న లెక్కకూ ‘అవసరం తీరింది’ అన్న లెక్కకూ మధ్య ఉన్న దూరం ఈ ఒక్క ఉదాహరణలో కనబడుతుంది.

ఈ దూరాన్ని చట్టంలోకి ఎక్కించిన దేశం ఒకటున్నది. బ్రిటన్‌లో ఆల్ఫ్ మోరిస్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి సాధించిన 1970 నాటి దీర్ఘరోగుల, వికలాంగుల చట్టంలోని మొదటి సెక్షనే ఒక బాధ్యతను నిర్దేశించింది: ప్రతి స్థానిక సంస్థ తన పరిధిలో వికలాంగులెందరో, వారి అవసరాలేమిటో తానే తెలుసుకొని తీరాలి. వచ్చి అడిగినవారికే సహాయం అన్న పాత పద్ధతి పోయి, వెతుక్కుంటూ వెళ్ళవలసిన వంతు ప్రభుత్వానిదైంది. అక్కడి ప్రభుత్వం జరిపించిన సర్వేను అమేలియా హారిస్ 1971లో ప్రచురించారు. ఆమె బృందం వ్యాధుల పేర్లతో ఆగలేదు. స్నానం తానే చేయగలరా, బొత్తాలు పెట్టుకోగలరా, చెప్పులు తొడుక్కోగలరా అని అడిగింది. పదహారేళ్ళు దాటినవారిలో దాదాపు 30 లక్షలమందికి ఏదో ఒక వైకల్యం ఉన్నట్లు తేలింది. చట్టం వచ్చినంత మాత్రాన అక్కడ అన్నీ చక్కబడ్డాయని నేననను. నిధులు చాలలేదని ఆ దేశంలో దశాబ్దాల తరబడి వాదులాట సాగింది. కాని లెక్కలో ఏమి అడగాలో వారు ముందు తేల్చుకున్నారు.

ఆ రోజుల్లోనే, 1972లో, జొనాథన్ బ్రాడ్‌షా అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ‘అవసరం’ అన్న మాటను నాలుగుగా విడదీశాడు. నిపుణుడు నిర్ణయించేది ఒకటి, మనిషి తనలో అనుభవించేది రెండవది, నోరు తెరచి అడిగేది మూడవది, అదే స్థితిలో ఉన్న ఇతరులతో పోల్చినప్పుడు బయటపడేది నాలుగవది. వినడానికి ఇది పాఠ్యపుస్తకంలా ఉంటుంది గాని, ఒక మనిషిని ఊహించుకోండి. బాల్యంలో పోలియో సోకిన యాభై ఏళ్ళ స్త్రీ, జీవితమంతా చంకకర్ర మీద నడిచింది. ఎముకల వైద్యుడు ఆమె కాలిని చూసి ‘దీనికి చేయగలిగిందేమీ లేదు’ అంటాడు. ఆమెను బాధిస్తున్నది కాలు కాదు, ముప్పై ఏళ్ళుగా బరువు మోసిన భుజం. అది కూడా ఆమె చెప్పదు, ఎందుకంటే వచ్చింది పింఛను కాగితం కోసం, భుజం కోసం కాదు. ఇక ఆమె పక్కింటి స్త్రీకి రక్తపోటు ఉన్నట్లు ఆరోగ్య శిబిరంలో బయటపడి మందులు మొదలయ్యాయి. శిబిరం బడి మేడ మీద పెట్టారు గనుక ఈమె వెళ్ళలేదు. నాలుగు రకాల అవసరాలలో మన రికార్డులకు ఎక్కేది మొదటిదే. అది ‘ఏమీ లేదు’ అని ఎక్కుతుంది.

తిరిగి మన లెక్కలకు వద్దాం. 1981 ఐక్యరాజ్య సమితి ప్రకటించిన అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. అందుకే ఆ గణనలో ప్రశ్న తిరిగి వచ్చింది. 1991లో మళ్ళీ మాయమైంది. 2001లో దానిని చేర్పించడానికి జావేద్ అబిదీ వంటి వికలాంగ ఉద్యమ నాయకులు పోరాడవలసి వచ్చింది. ఆ గణనలో 2 కోట్ల 19 లక్షలమంది తేలారు. 2011లో 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేలు.

ఈ రెండు గణనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆశ్చర్యం కనబడుతుంది. 2001లో చూపు వైకల్యం ఉన్నవారు 1 కోటి 6 లక్షలు. 2011లో 50 లక్షలే. పదేళ్ళలో సగం మందికి చూపు వచ్చిందా? రాలేదు. 2001లో ఒక కంటి చూపు మాత్రమే ఉన్నవారినీ లెక్కలో చేర్చుకున్నారు, 2011లో చేర్చలేదు. వినికిడి సంగతి దీనికి తలకిందులు: 12 లక్షల 60 వేల నుండి 50 లక్షలకు పెరిగింది. 2001లో వినికిడి యంత్రంతో వినగలిగినవారిని వికలాంగులు కారన్నారు, 2011లో ఔనన్నారు. నిర్వచనంలో ఒక వాక్యం మారితే లక్షలమంది వస్తారు, లక్షలమంది పోతారు. కంటి ఆసుపత్రులు ఎన్ని కావాలో, వినికిడి యంత్రాలు ఎన్ని కొనాలో ఈ అంకెలను చూసి నిర్ణయించవలసిన అధికారి పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

మధ్యలో పేర్లు కూడా మారాయి. అవిటివారు వికలాంగులయ్యారు, వికలాంగులు దివ్యాంగులయ్యారు, మన ప్రభుత్వ శాఖల బోర్డుల మీద విభిన్న ప్రతిభావంతులయ్యారు. ప్రశ్నపత్రాలను ఇంత శ్రద్ధగా మార్చి ఉంటే బాగుండేది.

1995 చట్టంతో శాతాల యుగం వచ్చింది. అవయవ నష్టాన్ని శాతాలలో చెప్పడం అంతకు ముందే 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో ఉన్నది. ఏ వేలు పోతే సంపాదించే శక్తిలో ఎంత శాతం పోయినట్లో అందులో పట్టిక కట్టారు. నష్టపరిహారానికి అది సరిపోతుంది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతాన్ని గడపగా పెట్టింది. 2016 చట్టం రకాలను 21కి పెంచింది. ప్రధాన సదుపాయాలకు 40 శాతం గడప అలాగే ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిర్ధారణ పనిని కంప్యూటరీకరించినదే మీకు తెలిసిన ‘సదరం’. నకిలీ కాగితాలను అరికట్టడానికి, జాబితాలను ఒకచోట చేర్చడానికి అది పనికివచ్చింది, కాదనను. కాని సదరం శిబిరంలో వైద్యుని ముందున్న పని, ఎదుటి మనిషికి వైద్యం చేయడం కాదు, వెల కట్టడం. కాలు కొలుస్తాడు, కీలు వంపు కొలుస్తాడు, శాతం రాస్తాడు. రక్తపోటు కొలవడు. వెన్నుపాము దెబ్బతిన్నవాని పిరుదుల మీద పడక పుండు ఉన్నదా అని తిప్పి చూడడు. ఆ రోజు ఆ మనిషి ఎన్నో ఏళ్ళ తరువాత ఆసుపత్రి మెట్లెక్కి ఉండవచ్చు, తిరిగి ఎప్పుడు ఎక్కుతాడో తెలియదు. 39 శాతం వచ్చినవాడు ఆ గడప దాటకుండానే వెళతాడు. వాని అవసరం గడప దాటినవానికంటే తక్కువేమీ కాకపోవచ్చు.

అవసరాన్నే అడిగితే ఏమి తెలుస్తుందో చూపిన పనులు మన దగ్గర కొన్ని ఉన్నాయి. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం మందిలో కనిపించింది. అంతకంటే ముఖ్యమైనది కారణాల పట్టిక. ఆ అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్ల, 16 శాతానికి పైగా కేవలం కళ్ళద్దాలతో సరిచేయగల దృష్టిదోషం వల్ల వచ్చినవి. అంటే పదిమంది అంధులలో ఆరుగురి అవసరం చిన్న శస్త్రచికిత్స లేదా ఒక జత కళ్ళద్దాలు. జనగణన వీరందరినీ ‘చూపు లేనివారు’ అన్న గడిలో రాసుకొని వెళ్ళిపోతుంది. ఈ అధ్యయనం వారికి ఏమి చేయాలో చెప్పింది. అందుకే నాకు అది జనగణన సంపుటాలకన్నా విలువైనదిగా తోస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2011లో ప్రచురించిన నివేదిక అనేక దేశాల సర్వేలను క్రోడీకరించి మరో సంగతి చెప్పింది. తమ అవసరాలకు తగిన నైపుణ్యం వైద్యసిబ్బందిలో లేదని చెప్పినవారు వికలాంగులలో ఇతరులకన్నా రెండు రెట్లకు పైగా ఉన్నారు. వైద్యం నిరాకరించబడినవారు దాదాపు మూడు రెట్లు, అవమానకరంగా చూడబడినవారు నాలుగు రెట్లు. 2022లో అదే సంస్థ వెలువరించిన మరో నివేదిక ప్రకారం కొందరు వికలాంగులు ఇతరులకంటే ఇరవై ఏళ్ళ వరకు ముందుగా మరణిస్తున్నారు. అందుకు కారణాలలో వైకల్యం ఒక భాగమే. నివారించదగిన, చికిత్స చేయదగిన జబ్బులు సకాలంలో పట్టుబడకపోవడం పెద్ద భాగం.

ఇది ఎలా జరుగుతుందో వైద్యం తెలిసినవారు తేలికగా ఊహించగలరు. నిలబడలేని మనిషిని తూచే యంత్రం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దాదాపు ఉండదు. బరువు తెలియక మందు మోతాదు అంచనాతో సాగుతుంది. పరీక్ష బల్ల ఎత్తుగా ఉంటుంది, ఎక్కించేవారు లేకపోతే కుర్చీలో కూర్చోబెట్టే పొట్ట నొక్కి పంపేస్తారు. చెవిటివానికి ‘రోజుకు రెండుసార్లు, అన్నం తిన్నాక’ అని నోటితో చెబుతారు, పక్కనున్న చిన్నపిల్ల సైగలతో అనువదిస్తుంది; పెద్దవాళ్ళ గుప్తరోగాల సంగతి ఆ పిల్ల ద్వారా ఎలా అడుగుతారు? బుద్ధిమాంద్యం ఉన్న యువకుడు తల గోడకు కొట్టుకుంటే మత్తుమందు రాస్తారు, పుచ్చిపోయిన దవడ పన్ను చూసేవారుండరు. మస్తిష్క పక్షవాతం ఉన్న స్త్రీ నెల తప్పిందంటే ముందు ఆశ్చర్యపోతారు, పరీక్షలు తరువాత. వీటిలో ఒక్కటి కూడా వైకల్య గణనలో ఏ గడిలోకీ రాదు.

2018 జులై నుండి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత కొన్ని మంచి ప్రశ్నలు వేసింది. వైకల్య ధ్రువపత్రం ఉన్నవారు 28.8 శాతమేనని, ప్రభుత్వం నుండి ఏదో ఒక సహాయం పొందినవారు 21.8 శాతమని అది తేల్చింది. ధ్రువపత్రాలున్నవారి జాబితాను పట్టుకొని వికలాంగుల ఆరోగ్య పథకం వేస్తే, పదిమందిలో ఏడుగురు మొదటి మెట్టులోనే జారిపోతారన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతలో (2019–21) వైకల్యం గురించి ఒక ప్రశ్న చేర్చారు. గర్భిణుల సంరక్షణ, టీకాలు, రక్తపోటు, మధుమేహం అన్నీ అడిగే సర్వే అది. వైకల్యం ఉన్నవారికి అవి ఎంతవరకు అందుతున్నాయో పోల్చి చూసే అవకాశం తొలిసారిగా వచ్చింది. ఆరవ విడత ప్రశ్నపత్రం నుండి ఆ ప్రశ్నను తొలగించారు. 1941 నాటి కథే మళ్ళీ.

చట్టం మాట కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో, ప్రభుత్వం నిర్ణయించే కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి, వికలాంగులకు నివాసానికి దగ్గరలో ఉచిత వైద్యం అందాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటిలో ఆటంకం లేని ప్రవేశం ఉండాలి. పరీక్షలో, చికిత్సలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు, హక్కు. ఆసుపత్రిలో వరుసలో నిలబడలేని మీ బంధువు కోసం దీనిని పేరుపెట్టి అడగవచ్చు. అయితే అదే సెక్షన్‌లో సర్వేల ప్రస్తావన దేనికి వచ్చిందో తెలుసా? వైకల్యాలు కలగడానికి కారణాలను తెలుసుకోవడానికి. 1995 చట్టంలోనూ ఇదే మాట ఉన్నది. ఆరోగ్య అవసరాలు తీరాయా లేదా అన్న సర్వే చేయమని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పదు.

అడగడానికి పనిముట్లు లేక కాదు. 2001లో ఏర్పడిన వాషింగ్టన్ బృందం తయారుచేసిన ఆరు ప్రశ్నలు నేడు అనేక దేశాల గణనలలో వాడుకలో ఉన్నాయి: చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం, స్వయంగా స్నానం చేసి బట్టలు వేసుకోవడం, ఇతరులతో భావాలు పంచుకోవడం. ప్రతిదానికీ జవాబు నాలుగు మెట్లలో ఉంటుంది: ఇబ్బంది లేదు, కొంత, చాలా, అసలు చేయలేను. ‘నీవు వికలాంగుడివా’ అన్న మాట ఎక్కడా రాదు, అందువల్ల దాచుకోవలసిన అవసరమూ తగ్గుతుంది. వీటికి మూడు నాలుగు ఆరోగ్య ప్రశ్నలు కలిపితే చాలు. ఒక ఆశా కార్యకర్త ఒక్కో ఇంట్లో పది నిమిషాల్లో అడగగలదు.

ప్రభుత్వం అడిగేలోపు మీ ఇంట్లోనే అడగడం మొదలుపెట్టవచ్చు. వైకల్యం ఉన్నవారు మీ కుటుంబంలో ఉంటే, వారి రక్తపోటు, రక్తంలో చక్కెర చివరిసారి చూసింది ఎప్పుడు? పళ్ళు, కళ్ళు? కుర్చీకో మంచానికో పరిమితమైనవారైతే నడుము కింద, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో ప్రతిరోజూ చూస్తున్నారా? స్త్రీ అయితే రొమ్ములో గడ్డలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు పరీక్ష ఎన్నడైనా జరిగిందా? కాలిపర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం ఇంట్లో ఉంటే, అవి వాడుకలో ఉన్నాయా, అటక మీద ఉన్నాయా? ఈ జవాబులను ఒక కాగితం మీద రాసుకొని, వచ్చేసారి వైద్యుని దగ్గరకు ఏ పని మీద వెళ్ళినా, సదరం కోసం వెళ్ళినా సరే, ఆ కాగితం ఆయన చేతికి ఇవ్వండి.